ఆదెయ్యగారి కల్లంలో మహాగోధ

“సుభానీ! హంతకుడికి హత్య చెయ్యాలన్న ఆలోచన రాకముందే వాడి పేరు నా నాలిక చివర ఉంటుంది. ప్రపంచం నన్ను ఇంకా గుర్తించలేదంటే అది ప్రపంచం ఖర్మ!” అని ప్రకటించి, డిటెక్టివ్ చెంచురామయ్య ఠీవిగా లేవబోయాడు. లేవలేకపోయాడు. పంక్చరు వెయ్యడానికని సుభానీ అప్పుడే సొల్యూషను పూసి స్టూలు మీద పెట్టిన సైకిలు ట్యూబు ఆయన కింద ఉంది.

“కదలకండి అల్లుడుగారూ,” అంటూ సుభానీ పంచెనీ ట్యూబునీ విడదీశాడు. పంచెలో కొంత ట్యూబుకే ఉండిపోయింది.

చెంచురామయ్యది కృష్ణ ఒడ్డున తాడేపల్లి. ఆదెయ్యగారి ఒక్కగానొక్క కూతురు కోటిరత్నాన్ని చేసుకుని ఈ మిరపకాయల ఊరికి ఇల్లరికం వచ్చాడు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పెరుగన్నం, మధ్యలో డిటెక్టివ్ నవలలు, ఇదీ ఆయన ఉద్యోగం. ఇంకెవరైనా అయితే ఊరు నాలుగు చీవాట్లు పెట్టేది. కాని ఆదెయ్యగారి అల్లుడంటే ఊరంతటికీ అల్లుడే. అల్లుడుగారు పగటిని రాత్రి అంటే దీపం కోసం వెతకాలి తప్ప కాదనకూడదు. సైకిళ్ళు అద్దెకిచ్చే సుభానీ చేసిన పాపమల్లా ఒకనాడు ఆయన చెప్పిన కథను చివరిదాకా వినడం. ఆ మర్నాటి నుంచి అతను ‘అసిస్టెంటు సుభానీ’ అయిపోయాడు.

రష్యావాడు కుక్కను ఆకాశంలోకి పంపిన మరుసటి ఏడు అది. ఆ వార్త విన్నాక చెంచురామయ్యకు భూలోకపు హత్యల మీద మోజు తీరిపోయి, చూపు గ్రహాల మీద పడింది. ఒక వారపత్రికలో ధూమ్రగ్రహం మీద తిరిగే మహాగోధ కథ వచ్చేది. గోధ అంటే ఉడుమే. కాకపోతే ఇది తాడిచెట్టంత పొడుగు, పొట్టతో పాకుతుంది, మేకల్ని గుటుక్కున మింగుతుంది, దాని ఊపిరి సోకితే కళ్ళు మండి తుమ్ములు ముంచుకొస్తాయి. అది కథానాయకుడి వ్యోమనౌకలో దొంగతనంగా ఎక్కి భూమికి బయల్దేరిన వారమే పత్రిక మూతపడింది. మృగం ఎక్కడ దిగిందో చెప్పే నాథుడు లేకపోయాడు. అప్పట్నుంచీ చెంచురామయ్యకు సరిగ్గా నిద్ర లేదు.

“వచ్చేసింది సుభానీ,” అన్నాడాయన గొంతు తగ్గించి. “మన ఊళ్ళోనే దిగింది.”

“ఎవరండీ?”

“మహాగోధ! ఇంట్లో వస్తువులు మాయమవుతున్నాయని మా ఆవిడ చెప్పింది. చింతపండు, ఉప్పు, వెల్లుల్లి, నేతిగిన్నె, చిన్న రోలు. బంగారం జోలికి పోలేదు! నువ్వే చెప్పు, చింతపండూ ఉప్పూ వెల్లుల్లీ తినే ప్రాణి ఈ భూమి మీద ఎక్కడైనా ఉందా?”

సుభానీ తను పొద్దున అన్నంలో కలుపుకున్నదేమిటో గుర్తు తెచ్చుకున్నాడు. కాని ఎదురుగా ఉన్నది అల్లుడుగారు.

“లేదండి,” అన్నాడు.

ఆదెయ్యగారి కల్లం ఊరి బయట ఉంది. ఆ ఏటి మిరప పంటంతా అక్కడ ఎర్రగా పరిచి ఎండబెట్టారు. ఒక మూల తాటాకుల కావలిపాక ఉంది. మండుటెండలో నల్లకోటు బొత్తాలన్నీ పెట్టుకుని, భూతద్దం పట్టుకుని చెంచురామయ్య నేలమీదికి వంగాడు. వంగీ వంగగానే ఊపిరి తిరక్కుండా తుమ్మాడు.

“చూశావా! దాని ఊపిరి ఇంకా ఇక్కడే ఉంది!”

“అది మిరప ఘాటండీ. కొత్తవాళ్ళకి అట్టాగే...”

“రెండేళ్ళయింది నేనీ ఊరొచ్చి. మిరప ఘాటు నాకు తెలీదా?” అని మళ్ళీ తుమ్మాడు.

డొంకదారి నుంచి కావలిపాక దాకా దేన్నో ఈడ్చుకుపోయిన వెడల్పాటి చార ఉంది. దాని పక్కనే చెప్పుల జాడలున్నాయి. ఎడమ చెప్పు మడమ దగ్గర బాగా అరిగినట్టుంది.

“పొట్టతో పాకిన జాడ!” అన్నాడు చెంచురామయ్య.

“మరి ఈ చెప్పులో?”

“ఎవడో దురదృష్టవంతుడు. మృగం వాణ్ణి పాకలోకి తరుముకుపోయింది.”

“తిరిగి వచ్చిన జాడలు కూడా ఉన్నాయండీ. అయ్యే చెప్పులు.”

చెంచురామయ్య భూతద్దం దించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. “వాణ్ణి మింగాక చెప్పులు తొడుక్కుంది. తెలివైన మృగం!”

“పాకలోకి ఓసారి తొంగిచూద్దామా?”

“అసిస్టెంటు తొందరపడకూడదు,” అంటూ ఆయన సుభానీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆ సాయంత్రమే కల్లం చుట్టూ మోకు కట్టించాడు. కేసు తేలేదాకా ఎవరూ లోపల అడుగు పెట్టరాదు, ఒక్క కాయ కదిలినా ఆధారాలు చెరిగిపోతాయన్నాడు.

ఊళ్ళో నమ్మినవాళ్ళు ఎవరూ లేరు గాని, నమ్మినట్టు ఉండటంలో ఎవరి లాభం వాళ్ళకు కనిపించింది. పంతులుగారు బడికి సెలవిచ్చి అత్తవారి ఊరు వెళ్ళొచ్చాడు. పంచాయతీ ప్రెసిడెంటు మృగ నివారణకు గ్రాంటు మంజూరు చెయ్యమని గుంటూరుకు అర్జీ పంపించాడు. అందరికంటే వింతగా మారింది ఆదెయ్యగారు. ఆయనకు కడుపులో పుండు. డాక్టరు కారం మాన్పించి చప్పిడి కూడు రాశాడు. చుట్టూ మిరప చేలు పెట్టుకుని చప్పిడి కూడు తినాల్సొచ్చిన దిగులుతో ఆ మనిషి ఎవరితోనూ మాట్లాడటమే మానేశాడు. అలాంటివాడు సుభానీ షాపు ముందు నిలబడి గొంతెత్తాడు.

“మా అల్లుడు చెప్పింది నిజం! నేను కళ్ళారా చూశా. మధ్యాహ్నం పూట ఎవరూ అటు పోమాకండి!”

మామగారే సాక్ష్యం చెప్పాక ఇక అనేదేముంది?

మూడోనాడు ఆకాశం మూలన మబ్బు లేచింది. ఆదెయ్యగారి భార్య వెంకటేశ్వరమ్మ సుభానీకి కబురు పెట్టింది. అల్లుడికి ఎదురుపడి మాట్లాడటం ఆ ఇంట లేదు. చెంచురామయ్య వరండాలో కుర్చీలో ఉన్నాడు, ఆవిడ పక్కనే తలుపు వెనక ఉంది.

“నాయనా సుభానీ, అల్లుడుగారితో చెప్పు, మబ్బేసింది. కాయ కుప్పజేసి పట్టలు కప్పకపోతే తడిసిపోద్ది. తడిస్తే బూజు పడుద్ది, ఎవరూ కొనరు. ఏడాది కష్టం.”

“అత్తయ్యగారితో చెప్పు సుభానీ, పంట ఏటా వస్తుంది. మహాగోధ యుగానికొక్కసారి వస్తుంది.”

తలుపు వెనక గాజులు కదిలాయి. సుభానీ తలుపు దగ్గరికి వెళ్ళి, “పిన్నీ, ఇదంతా ఉత్తదని మీరే గట్టిగా చెప్పరాదా?” అన్నాడు మెల్లిగా.

“నేను చెప్పకూడదురా,” అందావిడ. మిరపతోటకు నీళ్ళు పెట్టిన రోజుల్లో ఆవిడ తెల్లారకముందే చేలో ఉండటం అతను కళ్ళారా చూశాడు.

“మధ్యాహ్నమే దాన్ని పట్టేస్తున్నాను! ఊరంతటినీ పిలువు. ఎరకు ఒక మేక కావాలి,” అన్నాడు చెంచురామయ్య కుర్చీలోంచి.

మృగం లేదని తేలితే మోకు ఊడుతుంది. సుభానీకి అదే చాలు. తల్లి అమీర్‌బీకి చెప్పకుండా ఆవిడ పాలమేకను విప్పుకొచ్చాడు.

భోజనాలవేళకు ఊరంతా డొంకలో చేరింది. ఆడవాళ్ళ వెనకాల వెంకటేశ్వరమ్మ, కోటిరత్నం నిలబడ్డారు. ఆదెయ్యగారు మాత్రం ఎక్కడా కనిపించలేదు. మబ్బు నడినెత్తికి వచ్చింది. చెంచురామయ్య తాడు ఒక కొస మేక మెడకు కట్టి, మేక పారిపోకుండా రెండో కొస తన నడుముకు కట్టుకున్నాడు.

“ప్రాణాల మీద తీపి ఉన్నవాళ్ళు వెనక్కి జరగండి! శత్రువు లోపలే ఉన్నాడు!”

జనం నవ్వబోయారు. సరిగ్గా అప్పుడే పాకలోంచి “ఉస్స్...” అని వినిపించింది. కాసేపాగి, “ఉస్స్... హా!”

“బుస కొడుతోంది!” అన్నాడు చెంచురామయ్య, ఈసారి నిజంగానే వణుకుతూ. ప్రెసిడెంటు ఆడవాళ్ళ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

ఉరుము ఉరిమింది. అప్పుడే మిరపకాయ వాసన చూసి తుమ్మిన మేక, ఉరుముకు బెదిరి పరుగందుకుంది. వెనకాలే డిటెక్టివు. మేక పాకకు ఒక పక్కనుంచి, ఆయన రెండో పక్కనుంచి పోయారు. మధ్యలో మూలరాట తాడుకు చిక్కి ఊడొచ్చింది. పాక కప్పు ఒక పక్కకు ఒరిగి కూర్చుంది.

లోపల ఆదెయ్యగారు. ముందు చిన్న రోలు, పక్కన దాన్ని ఈడ్చుకొచ్చిన గోనెసంచి, నేతిగిన్నె, మడమ అరిగిన ఎడమ చెప్పు. చేతిలో ఎర్రటి అన్నంముద్ద. కళ్ళ వెంటా ముక్కు వెంటా నీళ్ళు కారుతున్నాయి.

“రోలు తీసేద్దామని వచ్చా,” అన్నాడాయన ఎవరూ అడక్కముందే. “నూరుకున్న కొరివికారం కొంచెం మిగిలింది. పారెయ్యబుద్ధిగాలా... ఉస్స్.”

“మామగారూ!” అన్నాడు చెంచురామయ్య నేలమీద నుంచి. “ఎటు పోయింది? మీకేం కాలేదుగదా?”

టప్పున ఒక చినుకు ఆయన భూతద్దం మీద పడింది.

వెంకటేశ్వరమ్మ ఆడవాళ్ళను తోసుకుని ముందుకొచ్చింది. పెళ్ళయిన ఈ రెండేళ్ళలో అల్లుడు ఆవిడ ముఖం చూడటం అదే మొదలు.

“అబ్బాయ్! ఆ మోకు తీస్తావా, నన్ను తెంచమంటావా?”

చెంచురామయ్య తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలీదు. ఇక ఊరంతా కల్లంలోకి దిగింది. పంతులుగారు పంచె ఎగగట్టాడు, ప్రెసిడెంటు పట్టలు మోశాడు, ఆదెయ్యగారు ఎంగిలి చేత్తోనే కాయ పోగుచేశాడు. ఆఖరి పట్ట మీద రాళ్ళు పెట్టేసరికి వాన దంచికొట్టడం మొదలెట్టింది. కుప్ప తడవలేదు. తడిసిన మనుషులందరూ ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఇంటికొచ్చాక చెంచురామయ్య వరండాలో మోకాళ్ళకు పసుపు పెట్టించుకుంటూ ప్రెసిడెంటుకు చెప్పసాగాడు. “మొదటి రోజే మామగారి మీద నాకు అనుమానం. అందుకే మేకకు తర్ఫీదిచ్చాను.” మేక మూలన నిలబడి ఆయన కోటు బొత్తాం నములుతోంది.

సుభానీ తలుపు దగ్గరికి వెళ్ళాడు. వెంకటేశ్వరమ్మ మళ్ళీ తలుపు వెనక్కి చేరింది.

“మీకెప్పుడు తెలిసింది పిన్నీ?”

“రోలు పోయిన్నాడే. ఆయన చెప్పు అరుగుదల నాకు తెలీదంట్రా? ఉత్త కారం తింటే పుండు రేగుద్దని నేతిగిన్నె అందేచోట పెట్టింది నేనే. ఘాటు తక్కువ కాయలు ఏరి పాక పక్కన పోసిందీ నేనే.”

“మరి చెప్పలేదేం? పంటంతా పోయేదిగా!”

“పంట పోతే మళ్ళీ ఏడు ఏసుకుంటాం. అల్లుడి ముందు ఆయన తల దించితే మళ్ళీ ఎత్తేదెట్టా నాయనా?”



“సుభానీ!” వరండాలోంచి కేక వినిపించింది. “కేసు తేల్చేశాను గాని ఒక్కటే అంతుపట్టడంలేదు. నేతిగిన్నె ఉండేది అటక మీద. మామగారు నిచ్చెన ఎక్కలేరు. దాన్ని కిందికి దింపాలంటే తాడిచెట్టంత పొడుగున్నది ఏదో ఆయనకు సాయం చేసుండాలి!”

మజ్జిగ చెంబు ఒకటి తలుపు సందులోంచి బయటికి వచ్చింది.

“అల్లుడుగారికి ఇవ్వు నాయనా. పాపం, ఎండదెబ్బ తగిలినట్టుంది.”

బయట కుండపోతగా వాన కురుస్తోంది. సుభానీ చెంబు అందుకున్నాడు.