వన్ బై టూ సీటు

విశ్వవిద్యాలయంలో చేరడం సులభం. చదవకుండా బయటపడటం ఇంకా సులభం. ఒక శాఖ నుంచి మరో శాఖకు మారడానికి మాత్రం మానవజాతి ఇంకా సిద్ధంగా లేదు.

పాతబస్తీ లాల్‌దర్వాజాలో గుండయ్య మేడగదిలో అద్దెకుంటున్న ఇద్రీస్‌కు ఈ సంగతి తెలియదు. సూడాన్‌లో యుద్ధం వచ్చి కాలేజీ మూతపడటంతో అతని కంప్యూటర్ చదువు సగంలో ఆగింది. ఇక్కడ వృక్షశాస్త్రంలోనే ఖాళీ ఉందన్నారు. చేరాక కంప్యూటర్ శాఖకు మారొచ్చన్నారు. చేరాడు. (ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు.)

స్థానిక సంరక్షకుడు వెంట లేనిదే విదేశీయుడి మాట ఆఫీసుకు వినపడదు. కనుక గుండయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. ఆయన దృష్టిలో ఇది చిన్న పని. ఆయన పనిచేసిన బస్ డిపోలో చార్మినార్ బస్సును మెహదీపట్నం పంపాలంటే ముందు బోర్డు మార్చేవాళ్లు, అంతే.

శాఖాంతర వలసల ఉపనియంత్రణాధికారి ప్రకాశం నిబంధన చదివాడు: "ఖాళీ ఉంటేనే దరఖాస్తు తీసుకోవాలి. దరఖాస్తుదారులు ఉన్నంతకాలం ఖాళీ ఉన్నట్టు భావించరాదు."

"గట్లయితే పోరడు ఎప్పుడు మారాలె సార్?"

"అడగనప్పుడు."

గుండయ్య దగ్గరే తెలుగు నేర్చిన ఇద్రీస్ మెల్లగా అన్నాడు: "బాపు, మొక్కలు మస్తుగున్నయ్. గని నేను ఆపిన కాడికెళ్లి సదువాలె."

ఏం తోచకపోతే చాయ్ చెప్పడం గుండయ్య అలవాటు. అధికారికి నిండు కప్పు ఇప్పించి, తనూ ఇద్రీసూ ఒక చాయ్‌ని చెరి సగం చేసుకున్నారు.

"మా దిక్కు చాయ్ వన్ బై టూ తాగుతం సార్. సీటు గూడ గిట్లనే ఇయ్యరాదు?"

ప్రకాశం నవ్వలేదు. రాసుకున్నాడు.

(పాతబస్తీలో పరాచికమాడి బతికిపోవచ్చు. ఆఫీసులో అది ప్రతిపాదన అవుతుంది.)

కమిటీ కూర్చుంది, లేచింది. సీటు సగమైంది. తన సీటులో సగం ఇవ్వడానికి కంప్యూటర్ శాఖ విద్యార్థి సీమోను ఒప్పుకున్నాడు. "అన్నా, మొత్తమే ఇస్తుంటి, గని మా డాడీ సంపుతడు. సగమైతే ఇంట్ల తెల్వది." పొద్దున పాఠాలు ఇద్రీస్‌కు, మధ్యాహ్నానివి సీమోనుకు. (సీమోను మధ్యాహ్నం నిద్రపోతాడు. నిద్రకూ హాజరు పడుతుంది.) ప్రోగ్రాం రాయడం ఇద్రీస్‌కు నేర్పుతారు. దాన్ని నడిపించడం సీమోను వంతు.

అయినా గుండయ్య భార్య సుందరమ్మ సేమియా పాయసం చేసింది. ఇద్రీస్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

వారం తిరక్కముందే పరదేశీయుల ఉనికి నిర్ధారణ కార్యాలయం పిలిచింది. సగం సీటున్న విద్యార్థికి సగం నివాసానుమతే చెల్లుతుందట. మిగతా సగం నెలాఖరుకల్లా దేశం విడిచి వెళ్లాలి.

గుండయ్య చేతులు కట్టుకుని అడిగాడు: "ఏ సగం సార్?"

"అది విద్యార్థి ఇష్టం," అన్నాడు అక్కడి అధికారి. "కాకపోతే ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడం కుదరదు."