ఇష్టానికి ఇంగ్లీషు మాట

కెనడాలోని కనాటాలో వారం రోజులుగా నవంబరు వాన వదలడం లేదు. ఆ ఉదయం వీరభద్రం పెట్టుకున్న పని చాలా చిన్నది. సంతాపం కార్డు మీద ఒక్క వాక్యం రాసి, భార్య హైమావతితో కలిసి పక్కింటి డోరీన్ అంత్యక్రియలకు వెళ్లాలి, అంతే. పోయినేడు ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్నప్పుడు, హైమావతి డ్యూటీకి వెళ్లగానే అతన్ని పిలిచి, టీ ఇచ్చి, చెప్పిందంతా ఓపిగ్గా విన్న మనిషి ఆ ముసలావిడ ఒక్కతే. ఆవిడ పోయినప్పటి నుంచి అతనికి అన్నం సహించడం లేదు. ఆవిడ తనకెంతో ఆవిడ భర్త గార్డన్‌కి సరిగ్గా చెప్పకపోతే తనంత దౌర్భాగ్యుడు ఉండడనుకున్నాడు.

'డోరీన్ అంటే నాకు చాలా ఇష్టం.' తెలుగులో అయితే అక్కడితో సరి. ఇంగ్లీషులో రాయబోతేనే వచ్చింది తంటా.

"ఐ లైక్డ్ డోరీన్ అని రాయనా?" అని కూతురు తేజశ్రీని అడిగాడు.

"డాడ్, నో! లైక్ ఈజ్ ఫర్ పిజ్జా. సే లవ్డ్."

"లవ్వేంటే, నీ మొహం! పక్కింటావిడతో మీ నాన్నకి లవ్వా?" వంటింట్లోంచి హైమావతి కేకేసింది. "పెళ్లయి ఇన్నేళ్లయినా నాకే ఆ మాటకి దిక్కులేదు!"

ఆ చివరి ముక్క వీరభద్రం వినిపించుకోలేదు. వినాల్సిందే అది, కానీ ఏ మొగుడు విన్నాడు గనక! లైక్ మరీ పలచన, లవ్ ప్రమాదం. ఫోన్లో వెతికితే అడోర్ దొరికింది. ఆరాధించడం అని అర్థం చెప్పింది. ఆరాధన దేవుళ్లకీ పెద్దవాళ్లకీ చేసేదే కదా, ఇంతకన్నా మర్యాదైన మాట ఏముంటుంది! 'ఐ అడోర్డ్ యువర్ వైఫ్' అని గుండ్రంగా రాసి కవరు అంటించాడు.

అంత్యక్రియల హాల్లో గార్డన్ ఆ కార్డు చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. తర్వాత తలెత్తి వీరభద్రాన్ని చూశాడు.

"సారీ, అడోర్ ఎక్కువైంది. ఓన్లీ లవ్," అన్నాడు వీరభద్రం ఇంగ్లీషులో.

చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు.

"అంటే, మీరు బయటికి వెళ్లగానే ఆవిడ నన్ను పిలిచేది. రోజూ వెళ్లేవాణ్ణి. మా ఆవిడకి కూడా తెలీదు."

గార్డన్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఇప్పుడు జస్ట్ లైక్!" అని సర్దబోయాడు వీరభద్రం.

ఇక చూడలేక హైమావతి ముందుకొచ్చింది. "ఏమీ అనుకోకండి. లవ్ చేయడం ఆయనకి రాదు. నన్ను కూడా లైకే," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. నిజం అలా నలుగురిలో, అదీ ఇంగ్లీషులో, బయటపడుతుందని పాపం ఆమె అనుకోలేదు.

గార్డన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "టీ సంగతి నాకు తెలుసమ్మా. డోరీన్ అంతా చెప్పేది. మీరు రెండు షిఫ్టులు చేసి అలిసిపోతుంటే చూడలేక మీ ఆయన మా వంటింట్లో కూర్చుని ఏడ్చేవాడట. నోరు విప్పితే మీ గురించేనట. భార్యంటే అలా ప్రాణం పెట్టాలి, చూసి నేర్చుకో అని నన్ను ఒకటే సతాయించేది." అని ఆయన కూడా ఏడ్చేశాడు.

తిరిగి వస్తుంటే కార్లో వీరభద్రం ఆమె వైపు తిరిగాడు.

"హైమా, నువ్వంటే నాకు..." అని ఆగిపోయాడు వీరభద్రం. ఇంగ్లీషులో మూడు మాటలున్నాయి, తెలుగులో ఒకటుంది. ఒక్కటీ నోటికి రాలేదు.

హైమావతి కిటికీలోంచి వానను చూస్తూ అంది.

"ఆవిడ ఇక లేదుగా. తప్పదు, నాకే చెప్పుకోవాలి."