అసలు అక్కడ, నకలు ఇక్కడ

ఒక విదేశీ ఫోను కంపెనీకీ మన ప్రభుత్వానికీ మధ్య మూడేళ్ళు నలిగిన తగాదా, తార్నాకలోని ఒక ఇంటి వరండాలో పుట్టిన ఆలోచనతో సామరస్యంగా పరిష్కారమైందని పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. క్యాంపస్‌లో తరగతులు అప్పుడప్పుడూ, ధర్నాలు క్రమం తప్పకుండానూ జరుగుతున్న కాలం కావడం వల్ల ఈ శుభవార్త పేపర్లలో రావలసినంత పెద్దగా రాలేదు.

తగాదా చిన్నదే. ఆ కంపెనీ ఫోనుల్లో జనం పంపుకునే సందేశాలన్నీ కంపెనీ వారి దేశానికి వెళ్ళి అక్కడి యంత్రాల్లో కూర్చుంటున్నాయి. మనవాళ్ళ మాటలు పరాయి దేశంలో ఉండటం సార్వభౌమత్వానికి అవమానం, వాటిని చదివితే మేమే చదవాలి అని ప్రభుత్వం. ఖాతాదారుల రహస్యాలు మాకు ప్రాణం, మా దేశపు ప్రభుత్వానికి తప్ప ఇంకెవ్వరికీ ఇవ్వం అని కంపెనీ. ఇద్దరూ పోట్లాడింది జనం కోసమే. జనానికి మాత్రం ఈ సంగతి తెలియదు. వాళ్ళు సందేశాలు పంపుకోవడంలో మునిగి ఉన్నారు. ఫోనులు ఆపేస్తామని ప్రభుత్వం నాలుగుసార్లు గడువు పెట్టింది, నాలుగుసార్లూ పెద్దమనసుతో పొడిగించింది. అయిదోసారి నిపుణుల సంఘం వేసి, అందులోకి ఆచార్య సోమయాజులు గారిని తీసుకుంది.

సోమయాజులు గారు యూనివర్సిటీలో పరిపాలనా శాస్త్రం ప్రొఫెసరు. కోనసీమ నుంచి వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకుని ఇరవై ఎనిమిదేళ్ళయింది. రాజీ ఆయనకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య. విద్యార్థులు తెలంగాణ కావాలన్న వినతిపత్రం తెస్తే సంతకం పెట్టారు. వారం తిరక్కుండా కాలనీ వాళ్ళు వద్దన్న వినతిపత్రం తెస్తే దాని మీదా పెట్టారు. తనను గోడ మీద పిల్లి అంటారని ఆయనకు తెలుసు. పిల్లి సంగతి ఎలా ఉన్నా గోడను పడిపోకుండా చూసుకుంటున్నాను కదా అని తనలో తాను నవ్వుకునేవారు. ఆ నవ్వులో సగం ఏడుపని ఆయన భార్య కాత్యాయని గారికి ఒక్కరికే తెలుసు.

అయితే ఆయనకు కీర్తి తెచ్చింది పాండిత్యం కాదు, ఆకుపచ్చ ఇంకు. ఆయనది గెజిటెడ్ హోదా. పొద్దున్నే ఆయన వరండా ముందు హాస్టల్ పిల్లలు, మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వాళ్ళు, హబ్సిగూడ అపార్ట్‌మెంట్ల వాళ్ళు జిరాక్సు కాపీలు పట్టుకుని నిలబడేవారు. ఆయన ప్రతి కాగితం మీదా ‘అసలుతో పోల్చి చూడబడినది, సరైన నకలు’ అన్న ముద్ర గుద్ది సంతకం పెట్టేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కసారి మాత్రం, “అసలు తెచ్చావా?” అని ఒక కుర్రాణ్ణి అడిగారు. కాచిగూడ నుంచి ఎండలో నడిచి వచ్చిన ఆ కుర్రాడి ముఖం వాడిపోయింది. ఆ ముఖం చూడలేక ఆయన మళ్ళీ ఎవర్నీ అడగలేదు. దయతో మొదలైన పని కొన్నాళ్ళకు అలవాటైంది, అలవాటు మరికొన్నాళ్ళకు హస్తలాఘవమైంది. రాష్ట్రంలో సగం మంది ఉద్యోగులు ఆయన చూడని అసళ్ళ మీద ఆధారపడి జీతాలు తీసుకుంటున్నారు.

ఢిల్లీ సమావేశంలో రెండు పక్షాలూ మూడు రోజులు అరుచుకున్నాక సోమయాజులు గారు లేచి ఇలా సెలవిచ్చారు: “మహాశయులారా! ఈ దేశంలో నూట ఇరవై కోట్లమంది బతుకుతున్నది నకళ్ళ మీద. పుట్టినట్టు నకలు, చదివినట్టు నకలు, చివరికి చచ్చినట్టు కూడా నకలే. అసళ్ళు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. కనుక అసలు సందేశాలు కంపెనీ వారి దగ్గరే ఉండనివ్వండి. నకళ్ళు మనం తీసుకుందాం. గెజిటెడ్ అధికారి సంతకం పడిన తర్వాత నకలే అసలు!”

సభ చప్పట్లతో మార్మోగింది. కంపెనీ ప్రతినిధి ఈ మాటలను రెండుసార్లు అనువాదం చేయించుకుని, ఇదేదో ప్రాచీన భారతీయ తత్వం కాబోలనుకుని ఒప్పుకున్నాడు. పాము చావకుండా కర్ర విరగకుండా పని జరిగిపోయింది. ఒక్క సందేశం కూడా వదులుకోలేదని కంపెనీ ప్రకటించింది. ఒక్క సందేశం కూడా వదిలిపెట్టలేదని ప్రభుత్వం ప్రకటించింది. రెండూ నిజమే. సందేశాలు రాసినవాళ్ళు ఒప్పందంలో భాగస్వాములు కారు కనుక వాళ్ళ అభ్యంతరాలేవీ నమోదు కాలేదు.

ఒప్పందాన్ని ముందుగా ఒక చిన్న చోట అమలు చేసి చూడాలనుకున్నారు. సూత్రకర్త ఇంటికి దగ్గరని తార్నాకనూ క్యాంపస్‌నూ ఎంపిక చేశారు. ఆ చుట్టుపక్కలే రోజూ లాఠీచార్జీ జరుగుతుండటం కేవలం యాదృచ్ఛికమని ఉత్తర్వుల్లో స్పష్టంగా రాశారు కనుక మనం అనుమానించనక్కర్లేదు.

హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్ మీది అంతస్తులో జాతీయ సందేశ నకలు నిలయం వెలిసింది. సందేశాలు విదేశం నుంచి కంప్యూటర్లోకి వచ్చేవి. కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ ఇంకు నిలవదు కనుక వాటిని కాగితం మీద అచ్చు వేసేవారు. భద్రత కోసం ఫోను నంబర్లు ఒక జాబితాగా, మాటలు మరొక జాబితాగా అచ్చయ్యేవి. ఇద్దరు గుమాస్తాలు కత్తెరతో కత్తిరించి, గమ్ముతో పక్కపక్కన అంటించి, కట్టలు కట్టి ఆటోలో ప్రొఫెసరు గారింటికి పంపేవారు. ఒకసారి చౌరస్తాలో రాస్తారోకో జరిగి ఆటో మూడు గంటలు నిలిచిపోయింది. రాస్తారోకోకు రమ్మని పిలిచిన సందేశం ఆ ఆటోలోనే ఉంది.

మొదటిరోజు సోమయాజులు గారు శ్రద్ధగా చదవబోయారు. ‘మెస్సుల సాంబారు ఎట్లున్నది?’ అని ఒకరు. ‘నీళ్ళలెక్క ఉన్నది’ అని ఇంకొకరు. ‘నోట్సు తెస్తవా లేదా?’ అని మూడోవారు. దేశభద్రతను ఈ విధంగా మూడు వరుసలు కాపాడాక ఆయనకు ఆవులింత వచ్చింది. నాలుగో వరుస నుంచి ముద్ర, సంతకం, ముద్ర, సంతకం. పోల్చి చూడటానికి అసలు ఏడు సముద్రాల అవతల ఉంది కదా అన్న సందేహం ఒకసారి కలగకపోలేదు. అసలు దగ్గరున్నప్పుడు మాత్రం చూశానా అని సమాధానపడ్డారు.

ఇలా ఉండగా ఒకరోజు పరుశురాం వచ్చాడు. ఆయన దగ్గరే పరిశోధన చేస్తున్న విద్యార్థి, జనగామ వైపు రైతు బిడ్డ. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరరు ఉద్యోగానికి ఎంపికయ్యాడు. ఈ ఏడు దాటితే వయసు దాటిపోతుంది. వాళ్ళమ్మ సమ్మక్క అప్పుడే ఊరందరికీ చెప్పుకుంది కూడా. పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. ఆ విచారణలో, ప్రొఫెసరు గారు సంతకం పెట్టిన నకళ్ళలో అతని నంబరు పక్కన ‘రేపు చౌరస్తాల బస్సు అద్దాలు ఒక్కటి గూడ మిగలద్దు’ అన్న సందేశం దొరికింది. ఉద్యోగం ఆగిపోయింది.

“సార్, గీ మాట నేను రాయలె,” అన్నాడు పరుశురాం, నకలు ముందు పెట్టి. “అంటించెటప్పుడు ఒక వరుస కిందికి జారింది. పై నంబరోనిది నా మీద పడ్డది. ఆ దినం నేను పంపింది ఒక్కటే. ‘సార్ ఇంట్ల ఉన్నడా, అటెస్టేషన్ ఉన్నది’ అని. గదిగో, కింది నంబరు పక్కన ఉన్నది సూడుండ్రి.”

“అసలు తెప్పిస్తే తేలిపోతుంది కదయ్యా?”

“కంపెనీకి రాసిన సార్. గది మీ రహస్యం, మీగ్గూడ ఇయ్యం అన్నరు. ఠాణాల అడిగితే నకలు మీద సంతకం పడ్డంక అసలెందుకన్నరు.” పరుశురాం తలెత్తి అడిగాడు. “మీరు అసలుతోని పోల్చి చూసిన్రా సార్?”

సోమయాజులు గారి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. చూశానంటే పిల్లవాడి బతుకు పోతుంది. చూడలేదంటే ఈ ఒక్క సంతకమే కాదు, ఇన్నేళ్ళ సంతకాలూ పోతాయి. “చూడు పరుశురాం, చూడటంలో చాలా రకాలున్నాయి. సందేశం నీదే గానీ ఉద్దేశం నీది కాదని రాసిస్తాను. ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.”

“ఇద్దరికీ కాదండీ, మీకు ఇబ్బంది ఉండదు,” అన్నారు కాత్యాయని గారు లోపల్నుంచి కాఫీ తెస్తూ. “కూర్చో బాబూ, కాఫీ తాగి వెళ్ళు.”

పరుశురాం కాఫీ తాగి, గ్లాసు కిందపెట్టి, “వస్త సార్,” అని వెళ్ళిపోయాడు. ఒక్క పరుషమైన మాట అనలేదు. అన్నా బాగుండేదని సోమయాజులు గారికి అనిపించింది. ఆ రోజు ఆయనకు అన్నం సహించలేదు. సిగ్గేసింది. అంత సిగ్గులోనూ కొత్తగా వచ్చిన కట్ట మీద సంతకాలు మాత్రం పూర్తి చేశారు.

వారం తర్వాత పరుశురాం మళ్ళీ వచ్చాడు. చేతిలో ఇరవై మూడు కాగితాలు: మార్కుల పత్రాలు, కుల ధ్రువీకరణ, నడవడి పత్రం వగైరా. “ఇంకో కొలువుకు పెట్టుకుంటున్న సార్, అటెస్టేషన్ కావాలె,” అన్నాడు. పాపపరిహారానికి అవకాశం దొరికిందని సోమయాజులు గారి ప్రాణం లేచివచ్చింది. ఎప్పటికంటే ఆప్యాయంగా, ఎప్పటికంటే వేగంగా ఇరవై మూడింటి మీదా ముద్ర గుద్ది సంతకం పెట్టి, “శుభం!” అని భుజం తట్టి పంపించారు.

ఆగిపోయిన ఉద్యోగం గురించి పరుశురాం పెట్టుకున్న అర్జీ మీద పది రోజులకు క్యాంపస్‌లోనే విచారణ జరిగింది. విచారణాధికారి వీరస్వామి గారు ప్రొఫెసరు గారిని సగౌరవంగా కూర్చోబెట్టి, ఒక కాగితం తీసి చదివారు: “‘నేను ధ్రువీకరించిన సందేశాల నకళ్ళలో ఏ ఒక్కదాన్నీ అసలుతో పోల్చి చూడలేదు. నా ముందు పెట్టిన కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టడం నా చిరకాలపు అలవాటు. సోమయాజులు.’ ఇది మీ సంతకమేనా సార్?”

సోమయాజులు గారు కాగితం అందుకున్నారు. ఆకుపచ్చ ఇంకు. తన సంతకం. దాని కింద, తన ముద్ర: ‘అసలుతో పోల్చి చూడబడినది, సరైన నకలు.’ ఎదుట బల్ల మీద పరుశురాం తల వంచుకుని కూర్చున్నాడు.

ఈ కాగితం నేను చదవలేదు, ఊరికే సంతకం పెట్టాను అని ఆయన అరవబోయారు. నోరు సగం తెరిచాక, కాగితంలో ఉన్నది కూడా అదేనని గుర్తుకొచ్చింది. కాదంటే నిజమవుతుంది, అవునన్నా నిజమవుతుంది. రెండు పక్షాల మధ్యా నిలబడటానికి ఈసారి గోడ లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో రాజీకి తావులేని చోట ఆయన నిలబడటం అదే మొదటిసారి.

“నాదే,” అన్నారు. “అక్షరం అక్షరం నిజం.” అని పరుశురాం వైపు చూశారు. కోపం రావలసిన చోట ఆయనకు ఎందుకో తేలిగ్గా అనిపించింది. చదవకుండా పెట్టిన వేలాది సంతకాల్లో నిజమైన కాగితం మీద పడింది ఇదొక్కటే.

పరుశురాం ఉద్యోగం అతనికి వచ్చింది. సోమయాజులు గారిని విద్యార్థులు భుజాల మీద ఎత్తుకుని మెస్సు దాకా ఊరేగించారు. సత్యం కోసం పదవిని పణంగా పెట్టిన మహనీయుడని పొగిడారు. ఆయన కూడా కాదనలేదు. సత్యం గొప్పతనం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. ప్రభుత్వం, కంపెనీ మళ్ళీ సమావేశమై, లోపాన్ని ఒక చిన్న సవరణతో సరిదిద్దాయి. ఇక మీదట మొదటి గెజిటెడ్ అధికారి పోల్చి చూశాడని ధ్రువీకరిస్తూ రెండో గెజిటెడ్ అధికారి సంతకం పెడతాడు.

ప్రొఫెసరు గారు చదవకుండా సంతకం పెడతారన్న సంగతి అధికారికంగా రుజువు కావడంతో మర్నాటి నుంచి వరండాకు ఇక జనం రారని కాత్యాయని గారు సంతోషించారు. తెల్లారేసరికి వరుస గేటు దాటి వీధి మలుపు దాకా ఉంది.

ప్రభుత్వ లెక్చరరుది కూడా గెజిటెడ్ హోదాయే కనుక, గురువు గారు పరుశురాంకు ఆకుపచ్చ ఇంకు పెన్ను కానుకగా ఇచ్చారు. నెల తర్వాత ఫోను చేసి కొంటెగా అడిగారు. “ఏమయ్యా, అసలుతో పోల్చి చూస్తున్నావా?”

“మొదటి దినం ముగ్గురివి చూసిన సార్,” అన్నాడు పరుశురాం. “తర్వాత లైను పెరిగింది. పాపం, గంత దూరం నుంచి వస్తున్నరు.”

మనం మాత్రం అలాంటివాళ్ళం కాం. మొన్న కొత్త ఫోను తెరవగానే వచ్చిన అరవై పేజీల షరతులను ఆసాంతం చదివి, అసలు ఎక్కడుంటుందో, నకలు ఎవరికి పోతుందో తెలుసుకున్న తర్వాతే ‘అంగీకరిస్తున్నాను’ అన్న చోట నొక్కాం.