నీళ్లలో దిగని మోటారే నమ్మకమైన మోటారు!

పాఠకులారా, షికారు పడవకు మోటారు కొనాలంటే మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాన్ని మించిన చోటు ఈ భూమ్మీద లేదు! సముద్రం పక్కన ఉండేవాళ్లు, పాపం, కొన్న మర్నాడే మోటారును నీళ్లలో దింపాలి. ఉప్పు తగిలి తుప్పు పట్టాక మెకానిక్ కాళ్లు పట్టుకోవాలి. మనకా బాధ ఉందా? వాడే ప్రమాదం లేదు కనుక, ఎంచుకునే ఆనందమంతా మనదే!

నమ్మనివాళ్లు పుంగనూరులో బోరు మోటార్లమ్మే మధుసూదన్‌ని చూడండి. ఆయన భార్య కుసుమ పుట్టిల్లు సోమల దగ్గర పల్లె. నిరుటి తుపానుకు ఆ ఊరి చెరువు నిండా నిండింది. అలా నిండగా కుసుమ చూసింది చిన్నప్పుడెప్పుడో!

"ఏమప్పా, ఆ నీళ్లు ఉండంగానే నన్ను ఒక్కసారి పడవలో తిప్పు. ఇంకేమీ అడగను" అంది.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. మధుసూదన్ మనసు కరిగిపోయింది. నెల తిరక్కుండా ఫైబర్ పడవ తెచ్చి అంగడి ముందు పెట్టాడు.

తెడ్డు వేసుకుంటే సరిపోదా అంటారా? మోటార్లమ్మేవాడి భార్య తెడ్డు పడవలో తిరిగితే ఆయన బజార్లో తలెత్తుకోగలడా?

ఇక ఎంపిక మొదలైంది. ఊరి వాట్సాప్ గ్రూపులో సలహా అడిగాడు. గంటలో అరవై మంది నిపుణులు తేలారు! యూట్యూబ్‌లో వీడియోలన్నీ చూశాడు. గడ్డకట్టిన సరస్సులో ఏ మోటారు స్టార్టవుతుందో ఎవరో దొర చెబితే, సోమలలో మంచు పడకపోతుందా అని దాన్నీ సేవ్ చేసుకున్నాడు.

చెన్నై డీలరుకు ఫోన్ చేసి, "మీ మోటారు ఎన్నడుగుల లోతు నుంచి నీళ్లు లాగుతాది?" అని అడిగాడు. రాంగ్ నంబరని అవతల ఫోన్ పెట్టేశారు. ఎనిమిది వందల అడుగులని ధైర్యంగా చెప్పలేని కంపెనీని ఎలా నమ్మడం? దాన్ని కొట్టేశాడు.

మదనపల్లెలో బోరు మోటార్లకు రాగితీగ వైండింగ్ చుట్టే చిన్నప్ప, ఇంకో పడవ మోటారు బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"దీనికి వైండింగ్ యాడుండాదప్పా?"

"వైండింగ్ లేదు. పెట్రోలు మోటారు."

"అయితే కాలిపోతే మేమేం సుట్టేది? కాలిపోను కూడా రాని మోటారును యాల నమ్మల్ల?"

మధుసూదన్ ఆ ప్రశ్ననూ నోట్ చేసుకున్నాడు.

కుప్పంలో గ్రానైట్ వ్యాపారం చేసే బామ్మర్ది దేవేంద్ర, "బావా, నలభై హార్స్‌పవర్‌కు తగ్గొద్దు. బండరాయి ఎక్కించినా లాగల్ల" అన్నాడు. షికారు పడవలోకి బండరాయి ఎందుకెక్కుతుందని ఎవరూ అడగలేదు.

చివరికి బోరుకు నీళ్లు పడే పాయింటు చూసే పెద్దాయనను పిలిపించారు. నాలుగు మోటార్ల బొమ్మలు నేల మీద పరిచారు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని వాటి మీదుగా నడిచాడు. టెంకాయ లేచి నిలబడింది, అంగడి మూలనున్న మంచినీళ్ల క్యాను ముందర! క్యానుకు దగ్గరగా ఉన్న మోటారునే ఖాయం చేశారు.

ఈ శాస్త్రీయ పరిశోధనకు పట్టింది ఎనిమిది నెలలు మాత్రమే.

మోటారుకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, పడవను ట్రాక్టర్ మీద చెరువుకు తోలారు. ఊళ్లోవాళ్లతో నేనూ వెళ్లాను. చెరువులో నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. మోటారు ఫ్యాను మునగాలంటే ఇంకో రెండడుగులు కావాలి. మధుసూదన్ తలెత్తి భార్య మొహం చూడలేకపోయాడు.

కుసుమ మాత్రం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పడవెక్కి కూర్చుంది. దేవేంద్ర, చిన్నప్ప, మధుసూదన్ మోకాళ్ల దాకా బురదలో దిగి తోశారు. పడవ పది గజాలు కదిలింది. కుసుమ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆమె కోరిక అలా తీరినందుకు నాకు సంతోషమూ కలిగింది, సిగ్గూ వేసింది.

మోటారంటారా? నేటికీ ఒక్క కంప్లయింటు లేదు. కొత్తది కొత్తగానే ఉంది. ఇంతకన్నా నమ్మకమైన మోటారు ఎక్కడైనా దొరుకుతుందా?

ఆ రోజు పడవ దిగాక కుసుమ ఫోను తీసింది.

"నిండు సెరువు యాడికి పోయిందో సూస్తారా?" అని మా అందరికీ చూపించింది. సంక్రాంతి దాటిన వారంలో మా ఊరి వాట్సాప్ గ్రూపులోనే ఆమె పెట్టిన ఫొటో అది. చెరువు తూముకున్న తలుపు ఊడిపోయి నీళ్లు ధారగా పోతున్నాయి. "ఒక పలక బిగిస్తే సాలు. నలుగురు రాండప్పా" అని రాసి ఉంది.

కింద నూట పన్నెండు మంది బొటనవేలు గుర్తు పెట్టారు. మొదటిది మధుసూదన్‌ది. వెళ్లినవాళ్లు ఎవరూ లేరు.

ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. మోటారు మీద పదిహేడు మెసేజ్‌లు రాశాను. ఆ ఫొటో కింద, రెండో బొటనవేలు నాది.