అరవని అంబాసిడర్

సాయంత్రం నాలుగింటికల్లా పెళ్ళిచీర వనపర్తి వాళ్ళ చేతిలో పెట్టాలి. ఆలోపు కారు అరుపు మాన్పించాలి. ఆ పొద్దున శివశంకర్ పెట్టుకున్న పనులు ఈ రెండే.

గద్వాల నేత వీధిలో పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించే సావుకారు ఆయన. తండ్రి వాడిన పాత అంబాసిడర్‌నే ఇంకా నడుపుతున్నాడు. దాని డైనమో ఏడాదిగా కీచుమంటోంది. కారు వీధి మొదట్లో ఉండగానే చివరి ఇంట్లో ఉయ్యాలలోని పాప లేచి ఏడుస్తుంది. పెళ్ళివారిని బస్టాండు నుంచి ఆ అరుపుతో తీసుకురావడం ఆయనకు నామోషీగా తోచింది. చీర గురించి దిగులు లేదు, సత్తయ్య మగ్గం మీద ఇంకా జానెడే మిగిలింది. అదే అందకపోతే మాత్రం పెళ్ళికూతురు వేరే చీరతో పీటల మీద కూర్చుంటుంది, శివశంకర్ మాటను వనపర్తిలో మళ్ళీ ఎవరూ నమ్మరు.

రాయచూరు రోడ్డు మీద తన షెడ్డు బయటే మెకానిక్ సామ్యూల్ పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస డైనమోకు, ఒక కొస చెవికి ఆనించి విన్నాడు.

"బేరింగ్ అరిగింది సావుకారీ. దింపాలె. కొత్తదేస్తే పిల్లి నడ్చినట్ల నడుస్తది."

"జర జల్ది చూడు."

సామ్యూల్ ముందుగా బ్యాటరీ తీగ విప్పాడు. కారులో చార్జింగ్‌కు పెట్టిన శివశంకర్ ఫోను, అప్పటికే కొనఊపిరితో ఉన్నది కాస్తా ఆరిపోయింది. ఆ సంగతి ఆయన చూసుకోలేదు. రోడ్డవతల హోటల్లో ఉగ్గాని, బజ్జి చెప్పి పేపరు తెరిచాడు.

ఇక్కడ వీధిలో రోజూ పొద్దున వినపడాల్సిన కీచు తొమ్మిది దాటినా వినపడలేదు. సత్తయ్య ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. అప్పుడు ఎదురింటి దేవమ్మకు ఒక సంగతి గుర్తొచ్చింది.

"నిన్న పోంగ పోంగ ఎదమీద చెయ్యేసి రుద్దుకున్నడు. నా కండ్లతోటి చూసిన."

నిజానికి ఆయన జేబులో కళ్ళద్దాలు తడుముకున్నాడు. ఇంతలో ఆటో రమేష్ వచ్చాడు.

"సావుకారి కారు రోడ్డు పక్కన ఉంది. బానెట్ లేపిండ్రు. కారు కింద రెండు కాళ్ళు కనబడ్డయి. కదుల్తలేవు."

"దిగి చూడలేదా?" అన్నాడు సత్తయ్య.

"ఆటోల సవారీలున్నరు."

ఆ కాళ్ళు కింది బోల్టు కోసం కారు కింద దూరిన సామ్యూల్‌వి. ఇద్దరు మగ్గాలవాళ్ళు దవాఖానకు పరుగెత్తారు. సావుకారు అక్కడ లేడు. అయితే కర్నూలు తీసుకుపోయి ఉంటారన్నారు. కర్నూలు దాకా పోయిందంటే ఇక ఆశ లేదని వీధి తేల్చేసింది. ఆయన భార్య సుగుణమ్మ నాగర్‌కర్నూల్‌లో కూతురి దగ్గరుంది. ఆమెకు ఎవరు చెప్పాలన్నది తేలలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఆ వీధిలో ఎవరైనా పోతే మగ్గాలు ఆపేస్తారు. శవం వీధి దాటేదాకా ఎవరూ పోగు నేసే నాడె ముట్టరు. సత్తయ్య మగ్గం గుంటలోంచి కాళ్ళు పైకి తీసి, జానెడు మిగిలిన పెళ్ళిచీర మీద బట్ట కప్పాడు.

రెండింటికి శివశంకర్ తిరిగొచ్చాడు. కారు ఇంత హాయిగా నడిచి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. వీధిలో ఒక్క మగ్గం కూడా ఆడకపోవడం వింతగా అనిపించింది. సత్తయ్య ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఆయన కారు దిగి చివర్లో నిలబడ్డాడు.

"ఎవరు పోయిన్రు?"

"మన సావుకారి," అన్నాడు రమేష్ వెనక్కి తిరగకుండానే.

శివశంకర్ చెవి ఒగ్గాడు. లోపల సత్తయ్య గొంతు బొంగురుగా వినిపిస్తోంది.

"దేవుడసొంటి మనిషి. ఆ డైనమో సప్పుడు చెవుల వడంగనే ఉరికొచ్చి మగ్గంల కూసునేటోళ్ళం. గది లేకుంటే ఎప్పుడొస్తుండో మనకెట్ల తెలుస్తుండె?"

ఎప్పుడొచ్చినా మగ్గాలన్నీ ఆడుతున్నాయని ఏడాదిగా మురిసిపోతున్న మనిషి ఆయన. తాను చచ్చిపోయానని విన్నప్పుడు కలగని బాధ ఇప్పుడు కలిగింది.

"చీర అయిందా సత్తయ్యా?"

దేవమ్మ ముందు తిరిగి చూసి, ఉన్నచోటే కూర్చుండిపోయింది. రమేష్ ఆయన కాళ్ళకేసి చూశాడు.

"కదుల్తున్నయి," అన్నాడు.

అసలు సంగతి అందరికీ అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమైనా సత్తయ్య కదలలేదు.

"మగ్గం ఎక్కు సత్తయ్యా, నాలుగింటికి వాళ్ళొస్తరు."

"ఎట్లెక్కాలె? ఆపిన మగ్గం శవం వీధి దాటినంకనే నడ్పాలె."

"ఏ శవం? నేను గిట్ల నిలవడ్డ గద."

"గదే పరేషాన్. శవమే లేకపాయె, ఏం దాటిస్తం?"

పెద్దలు తలలు కలిపి చర్చించారు. తర్వాత ఒక్కొక్కరే శివశంకర్ వైపు చూడసాగారు. చివరికి దేవమ్మే నోరు విప్పింది.

"మీరే జర కారెక్కి వీధి దాటి పోరాదు."

ఆయనకు ఒళ్ళు మండింది. కానీ వనపర్తిలో పిల్ల పీటల మీద కూర్చోవాలి. ఎక్కాడు. శవం మీదికని తెచ్చిన దండ వృథా ఎందుకని ఎవరో దాన్ని బానెట్ మీద వేశారు. నలుగురు పెద్దలు తలలు వంచుకుని కారు వెనకే నడిచారు. అంబాసిడర్ కిక్కురుమనకుండా వీధి దాటింది. వెనకాల మగ్గాలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి.

చీర రమేష్ ఆటోలో వేళకే బస్టాండు చేరింది. ఆయన అటునుంచటే బస్టాండుకు తెచ్చిన దండ వేసిన కారు చూసి వనపర్తి వాళ్ళు, పెళ్ళివారి కోసం ఇంత మర్యాదా అని మెచ్చుకున్నారు. శివశంకర్ అవునన్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఆయన షెడ్డు ముందు నిలబడ్డాడు.

"పాత బేరింగ్ పారేసినవా సామ్యూలూ?"

"ఉంది. ఏం చేస్తరు?"

"మల్లెయ్యి."

"అరుస్తది సావుకారీ."

"అరవనీ."

తొమ్మిదింటికి వీధి మొదట్లో కీచు వినబడింది, పాప లేచింది, మగ్గాలు ఆడాయి. తాను బతికే ఉన్నానని రోజూ చెప్పుకోవడానికి ఆయనకు అంతకంటే తేలికైన దారి దొరకలేదు.