మూడు ఊళ్లు తిరిగిన కిడ్నీ పొట్లం

తిండిలోంచి ఉప్పు తీసేస్తే ధర పెరుగుతుంది. గణపవరం జగ్గారావుకి ఇందులో సందేహం లేదు. మామూలు బిస్కట్లు పది రూపాయలు, ఉప్పు లేనివి తొంభై. అవైనా డయాలసిస్‌కి ఏలూరు వెళ్లిన రోజే దొరుకుతాయి. భార్య రత్నాంబ ఉన్నన్నాళ్లూ డాక్టరు చెప్పినట్టు కూరముక్కలు రెండుసార్లు ఉడికించి, నీళ్లు వంపేసి పెట్టేది. ఆవిడ పోయింది. ఇప్పుడు అతనే ఉడికించుకుంటాడు, తిట్టుకుంటూ తింటాడు.

అలాంటి రోజుల్లో మంత్రిగారు కరుణించారు. కిడ్నీ రోగి తినదగ్గ తిండి ఇకమీదట ప్రతి కిరాణా కొట్లోనూ పది రూపాయలకే దొరుకుతుందని ప్రకటించారు. పథకం పేరు 'మూత్రపిండ మిత్ర'. బాధ్యత శ్రీహరి అనే ఆఫీసరుది. ఆయన ఎంత సమర్థుడంటే, వారం తిరక్కుండానే గణపవరంలో భాస్కరరావు కొట్లో పచ్చరంగు రాక్ వెలిసింది. దాని నిండా పొట్లాలు. ప్రతి పొట్లం మీదా మంత్రిగారు నవ్వుతున్నారు.

ప్రారంభోత్సవంలో మొదటి లబ్ధిదారుగా జగ్గారావు పది రూపాయలిచ్చి మంత్రిగారి చేతుల మీదుగా పొట్లం అందుకున్నాడు. ఫొటోలు తీశారు. మంత్రిగారి కారు మలుపు తిరగ్గానే శ్రీహరి ఆ పొట్లాన్ని మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు. రాక్ అప్పటికే వ్యానెక్కింది.

"మధ్యాహ్నం ఉంగుటూరులో ప్రారంభోత్సవం అండీ. సరుకు కావాలి కదండీ."

"మరి నా పొట్లం?"

"మీరూ ఎక్కేయండి. మీ నీరసం ఫొటోలో చాలా బాగా పడిందండీ."

పొట్లాన్ని ఒంటరిగా పంపడం ఇష్టంలేక జగ్గారావు వ్యానెక్కాడు. ఉంగుటూరులో మళ్లీ మొదటి లబ్ధిదారు అయ్యాడు. అదే పొట్లం, మళ్లీ పది రూపాయలు.

తాడేపల్లిగూడెం చేరేసరికి అతనికి ఆకలితో కడుపు కాలుతోంది. అక్కడ టీవీ వాళ్లున్నారు. మంత్రిగారి మనసు ఇంకాస్త కరిగింది. కార్యక్రమంలో ఆ అంశం లేకపోయినా, స్వహస్తాలతో పొట్లం చింపారు. శ్రీహరి "సార్" అనేలోపే, కెమెరాల వైపు నవ్వుతూ దాన్ని జగ్గారావు దోసిట్లో పోశారు.

ఊక.

శ్రీహరి మంత్రిగారి చెవిలో విన్నవించుకున్నాడు. "కవర్ల టెండరు అయిపోయిందండీ. లోపలి సరుకు టెండరు ఇంకా పిలవలేదండీ. నిండుగా కనబడాలని మిల్లు నుంచి తెప్పించామండీ."

మంత్రిగారు తొణకలేదు. "ఎలా ఉందండీ, పెద్దాయనా?"

జగ్గారావు నలభై ఏళ్లు వరి పండించినవాడు. బొటనవేలితో నలిపి చూశాడు.

"స్వర్ణ రకం ఊకండీ. మొన్న నా వడ్లు ఈ ఊరి మిల్లుకే తోలానండీ. నాదే అయ్యుంటుందండీ."

మంత్రిగారి మొహం వెలిగింది. కెమెరాల వైపు తిరిగారు.

"విన్నారుగా. ఇందులో ఉప్పు లేదు. రైతు పండించింది రైతుకే చేరింది. ఇంతకంటే ఏ ప్రభుత్వం చేస్తుందండీ?"

చప్పట్లు చాలాసేపు మోగాయి.

మర్నాడు భాస్కరరావు పేపరు పట్టుకుని జగ్గారావు ఇంటికొచ్చాడు. దోసిలి ఫొటో కింద 'నా పంటే నాకు పథ్యం: లబ్ధిదారు ఆనందం' అని ఉంది. ఇంతకీ ఆ మాట తమరే అన్నారా అని అడిగాడు.

పొయ్యి మీద ఆనపకాయ ముక్కలు రెండోసారి ఉడుకుతున్నాయి. జగ్గారావు గిన్నె దించి నీళ్లు వంపేశాడు.

"ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకండి. నేనూ ఎత్తను."