నాలుగు బంగారాలు

మీరు నవ్వనంటే చెబుతాను. నవ్వినా చెబుతాననుకోండి. కడుపులో పెట్టుకుని తిరగడం ఇక నా వల్ల కాదు.

మా బావ, అంటే మా ఆవిడ అన్నగారు, ఆర్నెల్ల క్రితం పోయాడు. పోతూ పోతూ తన ఉప్పునీళ్ల చేపలతొట్టెను, అందులోని రెండు చేపలను చెల్లెలికి అప్పగించాడు. ఒకటి పసుపుపచ్చది. దాని పేరు బంగారం, బావ పెట్టుకున్న పేరు. రెండోది నల్లగా బొటనవేలంత ఉంటుంది. రాళ్లన్నీ తాతలిచ్చిన ఆస్తి అన్నట్టు తిరుగుతుంది కాబట్టి దానికి జమీందారు అని నేను పెట్టాను.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. అన్న పోయిన రోజు కూడా కంటతడి పెట్టలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేసి, మంచినీళ్లిచ్చి, మర్నాడు డ్యూటీకి వెళ్లిపోయింది. ఇంటికి రాగానే మాత్రం చెప్పులైనా విప్పకుండా తొట్టె ముందు కూర్చుని "బంగారం, తిన్నావా?" అంటుంది. నేను తిన్నానో లేదో అడిగే దిక్కు ఆ ఇంట్లో లేదు.

ఒక వారం ఆవిడకు రెండేసి డ్యూటీలు పడి తొట్టె నా చేతికొచ్చింది. నీళ్లు రోజూ కాస్త తగ్గేవి. ఉప్పునీళ్ల చేపలు కదా అని రోజూ ఉప్పు కలిపిన నీళ్లే పోశాను. ఆవిరయ్యేది నీళ్లే గాని ఉప్పు కాదన్న సంగతి నాకు తట్టలేదు. ఎనిమిదో రోజు పొద్దున బంగారం పక్కకు ఒరిగి తేలింది. జమీందారు మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు.

సాయంత్రం ఆవిడ వచ్చి "తిన్నావా?" అంటే ఏం చెప్పను? చేపల కొట్టుకు పరుగెత్తాను. నీళ్లు సరిచేసి, అచ్చం అలాంటి చేపనే తెచ్చి వదిలాను. పదహారేళ్లుగా కళ్లద్దాల కొట్టు నడుపుతున్నవాణ్ణి, ఎవరి కంటికి ఏది ఎంత ఆనుతుందో నాకు తెలియదా అనుకున్నాను.

జమీందారు కంటికి అద్దాలు అక్కర్లేదు. కొత్తవాడని క్షణంలో పసిగట్టి తోక పట్టుకున్నాడు. రెండు రోజుల్లో రెండో బంగారం పోయింది. మూడోదాన్ని తెచ్చాను.

"కొత్తదాన్ని అలా వదిలేస్తే పాతది ఊరుకుంటుందా సార్?" అన్నాడు నా గుట్టంతా విన్న కొట్టువాడు. "రాళ్లు అటూ ఇటూ మార్చండి. తన చోటేదో తెలియకపోతే కొట్లాట తగ్గుద్ది."

మార్చాను. జమీందారు పది నిమిషాలు తికమకపడి, చివరికి తొట్టె మొత్తం తనదేనని తేల్చుకున్నాడు.

"రాళ్లెందుకు మార్చారు?" అంది ఆవిడ.

"అందంగా ఉంటుందని."

"పెళ్లయిన దగ్గర్నుంచి సోఫా జరపమంటే జరపలేదు."

"అది బరువు."

"బంగారం చిక్కిపోయిందేంటి?"

"వయసు మీద పడింది."

"నిన్నటికీ ఇవాళ్టికీనా?"

"నాకు పడలేదూ!"

మూడో బంగారం రాళ్ల సందులో చచ్చింది. మోచేతిదాకా తడిసి బయటికి తీశాను. చేతిలో అది చాలా తేలిగ్గా ఉంది. నాకు నామీదే అసహ్యం వేసింది, అయినా నాలుగోదాని కోసం వెళ్లాను.

ఈసారి చిల్లులున్న డబ్బాలో పెట్టి తొట్టెలో దించాను. మా కొట్లో జనం మొహాలు చూసుకునే అద్దం తెచ్చి బయట ఆనించాను. జమీందారు తిండి మానేసి తన నీడతోనే కుస్తీ పట్టాడు.

"బంగారం డబ్బాలో ఎందుకుంది?"

"జలుబు చేసింది."

"చేపకా?"

"ఎప్పుడూ నీళ్లలోనే నానుతుంది కదా!"

ఆవిడ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమండీ, ఇవి రెండూ అన్నయ్య ఇంట్లో ఐదేళ్లు కలిసున్నాయి. ఒక్కరోజు కొట్టుకోలేదు. ఇప్పుడేమొచ్చింది?"

"కలిసున్నాక ఎప్పుడో ఒకప్పుడు... మనం కొట్టుకోవడం లేదూ?"

"ఆ నల్లది కొత్తవాళ్లనే కొడుతుంది. మొదటిసారి కొట్టినప్పుడే నాకు తెలిసిపోయింది, అన్నయ్య బంగారం లేదని."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను." గొంతు ఏమాత్రం పెంచలేదు. "మీవాళ్లు పోయారని ముక్కూమొహం తెలియనివాళ్లకు రోజూ వార్డు బయట నిలబడి చెప్పేది నేనే. ఆ మాట నాకు చెప్పడానికి ఒక్కరైనా ఉండాలి కదండీ."

అద్దం పక్కకు తీసి, "బంగారం పోయింది. ఉప్పు ఎక్కువ పోసి నేనే చంపాను" అన్నాను.

ఆవిడ మొహం చేతుల్లో దాచుకుని "అన్నయ్యా" అంటూ ఏడ్చింది. ఆర్నెల్ల ఏడుపు ఒక్కసారే వచ్చింది. భుజం మీద చెయ్యేశాను. విదిలించుకోలేదు, అదే పదివేలు.

ముక్కు తుడుచుకుని, "ఆ నాలుగోదాన్ని చచ్చేలోపు ఇచ్చేసి రండి" అంది.

సంచిలో ప్రాణంతో ఉన్న చేపను చూసి కొట్టువాడు ఆశ్చర్యపోయాడు. "ఇది బాగానే ఉందిగా సార్, ఎందుకు వెనక్కి తెచ్చారు?"

"మా ఆవిడకు తెలిసిపోయింది."

"అయ్యో! ఎప్పుడు?"

"మొదటిదాన్ని కొన్నప్పుడే" అని సంచి బల్ల మీద పెట్టాను.